పూండి నుంచి పూండికి: సైకిలు మీద మూడు రోజులు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శిగారు ఫోన్ చేసి, "పావుగంట మాట్లాడాలి, దేని గురించి మాట్లాడతారు?" అని అడిగితే "సైకిలు గురించి" అన్నాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. ముప్పై ఏళ్లు పవర్ ప్లాంట్ల పనిలో ఉన్నవాడు, కరెంటు గురించి నాలుగు ముక్కలు చెబుతాడనుకున్నారు కాబోలు. చివరికి కరెంటు దగ్గరికే వస్తానండి. కాకపోతే సైకిలు మీద వస్తాను, కొంచెం ఆలస్యమవుతుంది. ఓపిక పట్టండి.

మాది 1984 పదో తరగతి. మా రోజుల్లో చిన్న సైకిళ్లు లేవు. పెద్ద సైకిలునే కడ్డీ కింద నుంచి కాలు దూర్చి, ఒక పక్కకు ఒరిగి తొక్కేవాళ్లం. మోకాళ్ల మీద మచ్చ లేనివాడు మా క్లాసులో లేడు. ఇక్కడ కూర్చున్న పెద్దమనుషులు ప్యాంట్లు పైకి మడిస్తే ఇప్పటికీ ఆ మచ్చలు కనబడతాయి. ఉద్యోగం వచ్చాక స్కూటరు, తర్వాత కారు వచ్చాయి. మళ్లీ సైకిలెక్కింది 2017లో, అదీ మన దేశంలో కాదు, బెల్జియంలో.

కంపెనీ పని మీద మూడు నెలలు గెంట్ అనే ఊళ్లో ఉన్నాను. అక్కడ నాతో పనిచేసే ఒకాయన శనివారం వస్తే సైకిలు తీసేవాడు. ఒకసారి నన్ను ఈప్ర్ అనే పట్నం చుట్టుపక్కలకు తీసుకెళ్లాడు. చదునైన నేల, బీట్‌రూట్ పొలాలు, ఆవులు. మధ్యమధ్యలో చిన్న మెరకలు. ఆ మెరకల్నే వాళ్లు కొండలంటారు. పాషన్‌డేల్ మెరక సముద్రమట్టానికి అరవై మీటర్లు కూడా ఉండదేమో. మన మహేంద్రగిరి 1,500 మీటర్లు. మందసలో నిలబడి తలెత్తితే కనబడే కొండ అది. నాకు నవ్వొచ్చింది. కాని మొదటి ప్రపంచయుద్ధంలో ఆ కాస్త మెరక కోసం నాలుగేళ్లలో లక్షల మంది చచ్చిపోయారని విన్నాక నవ్వు పోయింది. ఇప్పటికీ అక్కడి రైతులు దున్నుతుంటే నాగలికి పేలని గుండ్లు తగులుతుంటాయి. వాటిని రోడ్డు పక్కన పెట్టి కబురు చేస్తే సైన్యంవాళ్లు వచ్చి పట్టుకెళతారు.

ఈప్ర్‌లో మెనిన్ గేట్ అని ఒక పెద్ద ద్వారం ఉంది. శవం కూడా దొరకని సైనికుల పేర్లు దాని గోడల మీద చెక్కారు. 54 వేల పైచిలుకు పేర్లు. వాటిలో మన దేశపు సిపాయిల పేర్లూ ఉన్నాయి. 1914లోనే మనవాళ్లు ఆ బురదలో దిగారు. రోజూ రాత్రి 8 గంటలకు అక్కడ బూరలు ఊది వందనం చేస్తారు. 1928లో మొదలైన ఆచారమది. రెండో యుద్ధంలో జర్మన్లు ఆక్రమించిన కాలంలో తప్ప ఆగలేదు.

ఆ రాత్రి తిరిగి వస్తూ ఆయన నన్నడిగాడు, "మీ ఊరి దగ్గర ఇలాంటి చోట్లు ఏమైనా ఉన్నాయా?" అని. "లేవు. మాది ప్రశాంతమైన ప్రాంతం. కొబ్బరి, జీడి, సముద్రం. అంతే" అన్నాను.

గదికి వచ్చి పడుకున్నాక నిద్రపట్టలేదు. చెప్పింది అబద్ధం. తెలియక చెప్పినది కాదు, అలవాటుగా చెప్పినది. మనం అందరం బయటివాళ్లకి అలాగే చెబుతాం కదా, ఉద్దానం అంటే ఉద్యానవనం అని. అది నిజమే. కాని అక్కడితో ఆపేస్తాం.

ఇప్పుడు నా స్నేహితుడి గురించి చెప్పాలి. పేరు చెప్పొద్దన్నాడు. మా బ్యాచ్ వాళ్లకి చెప్పకుండానే తెలుస్తుంది. వాడిది సోంపేట వైపు, బీల అంచున ఉన్న ఊరు. ఇక్కడ మేనమామ ఇంట్లో ఉండి చదువుకున్నాడు. ఆరో తరగతి నుంచి పది దాకా నాతో ఒకే బెంచీ. నేను ఇంజినీరింగుకి వెళ్లాను. వాడు ఊరికెళ్లి వ్యవసాయం చూసుకున్నాడు. అయినా పండక్కి కలిసేవాళ్లం.

2009లో వాడు ఫోన్ చేశాడు. సోంపేట బీలలో థర్మల్ ప్లాంటు వస్తుందని ప్రతిపాదన నడుస్తున్న రోజులు. "ఒరే, నువ్వు కట్టేవి ఇలాటివే కదా. మా బీలని ఎందుకూ పనికిరాని నేలని రాసేసినార్ట. నువ్వొక్కసారొచ్చి సూడు. పనికొచ్చే నేలని నీ ఇంజినీరు బాసలో ఒక ముక్క రాసియ్యి, చాలు" అన్నాడు.

నేనేమన్నానో నాకు బాగా గుర్తుంది. "అన్నీ పరిశీలించే అనుమతులిస్తార్రా. రూల్స్ ఉంటాయి. దేశానికి కరెంటు కావాలి కదా" అన్నాను. వాడు "సర్లే" అని పెట్టేశాడు.

2010 జూలై 14న అక్కడ పోలీసు కాల్పులు జరిగాయి. మన పక్క ఊళ్లవాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టుకి ఇచ్చిన అనుమతిని కొట్టేసింది. అన్నీ పరిశీలించే ఇస్తారని నేను చెప్పిన అనుమతి అది. ఆ సాయంత్రం వాడికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మర్నాడూ ఎత్తలేదు. ఆ తర్వాత నేను చెయ్యడం మానేశాను.

ఈ స్వర్ణోత్సవం కోసం బ్యాచ్‌ల వారీగా అందరినీ పిలిచే పని పంచుకున్నాం కదా. మా బ్యాచ్ నాకు పడింది. జాబితాలో అందరికీ చేశాను, వాడి పేరు చివర మిగిలింది. రెండు రోజులు ఆగి చేశాను. ఎత్తాడు. "ఏటి?" అన్నాడు. పద్నాలుగేళ్లకు విన్న మొదటి మాట. ఏం చెప్పాలో తెలియక, "సైకిలు తొక్కుదాం, వస్తావా?" అన్నాను. అటు నుంచి చాలాసేపు శబ్దం లేదు. "పంచరైతే నువ్వే ఎయ్యాల" అన్నాడు. అలా బయల్దేరాం, డిసెంబరు నెలలో.

మొదటి రోజు పొద్దున్న ఆరింటికి మన బడి గేటు దగ్గర మొదలు. రైలు గేటు దాటి తూర్పుకి తిరిగి వజ్రపుకొత్తూరు వైపు పోయాం. దారి పొడుగునా జీడి, పనస, కొబ్బరి. కాని పాత రోజుల్లాగా నెత్తిన నీడ ఉండదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పెట్టిన ఖాళీలు ఇంకా కనబడుతున్నాయి. తాత వేసిన చెట్టు మనవడు తింటాడన్న లెక్క మీద బతికిన నేల ఇది. ఆ ఒక్క రాత్రిలో మూడు తరాల చెట్లు పడ్డాయి. మళ్లీ వేసిన మొక్కల్లో కొన్ని ఇప్పుడిప్పుడే కాపుకొస్తున్నాయి.

మొదటి పంచరు అక్కడే అయింది, నాదే. దగ్గర్లో ఒక చిన్న సైకిలు షాపు. ట్యూబు నీళ్ల తొట్టిలో ముంచి బుడగలు చూస్తున్న ఆయన ఎడమచేతి మీద, నరం తాడులా ఉబ్బి ఉంది. నా స్నేహితుడు నాకు కళ్లతోనే సైగ చేశాడు. డయాలసిస్ చేయించుకునేవాళ్ల చేతికి పెట్టే ఫిస్టులా అది. వారానికి రెండుసార్లు పలాస వెళతాడట. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి వచ్చాక, దూరాలు పోయే బాధ తప్పిందన్నాడు. మా ఉద్దానంలో కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో, కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. ఎక్కడెక్కడి డాక్టర్లో వచ్చి రక్తాలూ నీళ్లూ పట్టుకెళ్లారు. డబ్బులిస్తే ఆయన తీసుకోలేదు. "పూండి బడోళ్లా? మా పెద్దగుంటడూ అక్కడే సదివినాడు" అన్నాడు.

అక్కడ నుంచి బొడ్డపాడు. అంతకుముందు ఆ ఊరు మీదుగా ఎన్నిసార్లు పోయానో లెక్కలేదు, కాని ఆగింది లేదు. నా చిన్నప్పుడు ఆ రోజుల మాట ఎవరైనా ఎత్తితే మా నాన్న లేచి కిటికీ తలుపు వేసేవారు. 1967 అక్టోబరు 31న పార్వతీపురం ఏజెన్సీలో, లేవిడి దగ్గర ఇద్దరు గిరిజనులు, కోరన్న, మంగన్న, కాల్పుల్లో చనిపోయారు. అక్కడ రాజుకున్నది ఏడాది తిరిగేసరికి మన ఉద్దానానికి వచ్చింది. జముకుల కథతో ఊరూరా జనాన్ని కూర్చోబెట్టిన సుబ్బారావు పాణిగ్రాహి ఈ బొడ్డపాడు మనిషే. 1969 డిసెంబరులో చనిపోయాడు. ఊళ్లో అమరవీరుల స్మారకం ఉంది. సైకిళ్లు స్టాండు వేసి నిలబడ్డాం. ఒక ముసలావిడ గుమ్మంలోంచి, "ఎవులి తాలూకా బాబూ?" అని అడిగింది. మేం ఎవరి తాలూకానో చెప్పాం. "అలగా" అని, చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. అంతకుమించి ఏమీ మాట్లాడలేదు. మేమూ అడగలేదు.

రోడ్డెక్కాక మా ఇద్దరికీ వాదన వచ్చింది. వాళ్లు పట్టిన దారి సరైంది కాదని నేనన్నాను. ఆ రోజుల్లో పాలేరు ఎలా బతికాడో తెలిస్తే ఆ మాట అనవన్నాడు వాడు. పోలీసులు చనిపోలేదా అన్నాను. చనిపోయారు, వాళ్లకీ ఇళ్లున్నాయి అన్నాడు. పలాస వచ్చేదాకా తేలలేదు. ఇప్పటికీ తేలలేదు. కాని ఒకటి గమనించాను. కారులో అయితే ఈ వాదన మూడో నిమిషంలో కోపంగా మారేది. సైకిలు మీద రొప్పుతూ వాదించాలి. ఎదురుగాలి వస్తే ఇద్దరూ నోరు మూసుకోవాలి. ఆ ఖాళీలో అవతలివాడన్న మాట చెవిలోకి దిగుతుంది.

కాశీబుగ్గలో జీడిపప్పు బట్టీల వాసన మధ్య టిఫిను చేసి, హరిపురం మీదుగా మందస వెళ్లాం. వాసుదేవ పెరుమాళ్ గుడి చూసి, కోవా తిని, గుడారి రాజమణిపురం పోయాం. పిల్లలూ, ఈ పేరు రాసిపెట్టుకోండి. 1940 మార్చిలో మన పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగింది. దేశం నలుమూలల నుంచి రైతు నాయకులు ఈ పలాస రైలుస్టేషన్‌లోనే దిగారు. అది ముగిసిన కొద్దిరోజులకే, ఏప్రిల్ 1న, ఈ చిన్న ఊళ్లో కాల్పులు జరిగాయి. తగువు ఏమిటంటే అడవి కట్టె. నాగలికీ ఇంటికీ పొయ్యికీ కావలసిన కట్టె తెచ్చుకునే హక్కు తమదని రైతులు, కాదని మందస జమీందారీ. అరెస్టు చేసిన రైతుల్ని పట్టుకుపోతుంటే సాసుమాన గున్నమ్మ అడ్డుపడింది. గుండు దెబ్బకి అక్కడే పడిపోయింది. ఆమెతోపాటు మరికొందరు రైతులూ ప్రాణాలు విడిచారు. ఇంకో ఎనిమిదేళ్లకు, 1948లో, జమీందారీల రద్దు చట్టం వచ్చింది. గున్నమ్మ పేర స్థూపం ఉంది, ఏటా ఏప్రిల్ 1న అక్కడ జనం చేరతారు. ఐదేళ్లు ఈ బడిలో చరిత్ర చదివి, పానిపట్టు యుద్ధాలు మూడూ తేదీలతో సహా అప్పగించిన నాకు, సైకిలు మీద ఒక్క పూటలో పోయి వచ్చే దూరంలో ఉన్న ఈ ఊరి సంగతి యాభై ఏళ్లు దాటాక తెలిసింది. తప్పు మా మాస్టార్లది కాదు. పుస్తకంలో లేదు.

రాత్రికి బారువలో పడుకున్నాం. సముద్రం హోరు, కాళ్ల నొప్పులు. వాడు నా పిక్కలకి కొబ్బరి నూనె రాస్తూ, "ఏసీ కాళ్లు" అన్నాడు.

రెండో రోజు బీల. నేను ఇంతవరకూ చెప్పిందంతా దీని కోసమే.

పొద్దున్నే మంచు ఇంకా విడలేదు. గట్టు మీద సైకిళ్లు నడిపించుకుంటూ వెళ్లాం. కళ్లు ఎంత దూరం పోతే అంత దూరం నీళ్లు, తుంగ, మధ్యలో గేదెలు. ఇద్దరు మనుషులు నడుములోతు నీళ్లలో వల వేస్తున్నారు. అటు పక్క పొలాలకి ఈ నీళ్లే తోడుకుంటారు. కొండల మీద పడిన వాన ఇక్కడికి చేరి నిలుస్తుంది. మెల్లగా ఇసుకలోకి దిగి తీరం ఊళ్ల నూతుల్లో తియ్యటి నీరై ఊరుతుంది. ఇది ఇంకితే ఆ చోటుకి ఉప్పునీరు వస్తుంది. ఇదంతా వాడు చెబుతున్నాడు. నేను ఇంజినీరుని, నాకు వాడు హైడ్రాలజీ పాఠం చెబుతున్నాడు, ఒక్క తప్పు లేకుండా.

వల వేస్తున్నాయన మమ్మల్ని చూసి ఒడ్డుకొచ్చాడు. నా తలమీద హెల్మెట్టు, భుజాన సంచీ, చేతిలో ఫోను. "కంపినీ వోల్లా?" అని అడిగాడు. కాల్పులు జరిగి అన్నేళ్లయినా కొత్త మనిషి కనబడితే ముందు వచ్చే ప్రశ్న అదే. నా స్నేహితుడు నా వైపు చూశాడు. జవాబు నన్నే చెప్పమన్నట్టు.

"కాదు బాబూ, పూండి" అన్నాను. ఆయన వెళ్లిపోయాడు. అప్పుడు గట్టు మీద కూర్చుని, నేను నా స్నేహితుడికి ఒక సంగతి చెప్పాను. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు కూడా చెప్పలేదు. వాడి అనుమతితో ఈ రోజు మీ అందరి ముందు చెబుతున్నాను.

వాడు నాకు ఫోన్ చేసిన దానికి కొన్నేళ్ల ముందు, వేరే జిల్లాలో ఒక ప్లాంటుకి స్థలం చూడటానికి వెళ్లిన బృందంలో నేనున్నాను. మే నెల. రెండు రోజులున్నాం. నేల నెర్రెలిచ్చి ఉంది. ఒక పక్క చెప్పుల్లేని పిల్లలు నలుగురు మా జీపు వెంట పరిగెత్తారు. నివేదికలో భూమి గురించిన పేరా నేనే రాశాను. "వానాకాలంలో ముంపుకి గురయ్యే, వ్యవసాయానికి అంతగా ఉపయోగపడని చిత్తడి నేల" అని. ఒక్క వాక్యం. వానాకాలంలో మళ్లీ వెళ్లి చూడలేదు. అక్కడ ఏ చేప పడుతుందో, ఆ నీళ్లు ఎవరి నూతిలోకి పోతాయో అడగలేదు. అడగమని ఎవరూ చెప్పలేదు, అడగొద్దని కూడా ఎవరూ చెప్పలేదు. వాడు ఫోన్‌లో "పనికిరాని నేలని రాసేసినార్ట" అన్నప్పుడు నాకు కోపం ఎందుకొచ్చిందో, రూల్స్ అని ఎందుకు కసిరానో, ఇప్పుడు అర్థమవుతోంది. బీల మీద ఆ ముక్క రాసింది ఎవరో నాకు తెలియదు. కాని అలాంటి ముక్క ఎలా రాస్తారో నాకు బాగా తెలుసు.

వాడు చాలాసేపు నీళ్లవైపే చూశాడు. తర్వాత, "మే నెల్లో సూస్తే మీ ఊరి సెరువూ బీడేరా" అన్నాడు. అంతే. కాసేపయ్యాక లేచి, నా సైకిలు వెనక చక్రం నొక్కి చూసి, గాలి కొట్టాడు.

మీలో కరెంటు శాఖలోనూ, కంపెనీల్లోనూ పనిచేస్తున్నవాళ్లు ఉన్నారు. తప్పుగా అర్థం చేసుకోవద్దు. ఆ వేరే జిల్లా ప్లాంటు కట్టారు, నడుస్తోంది. ఈ పందిట్లో ఫ్యాన్లు తిరుగుతున్నాయంటే అలాంటి ప్లాంట్ల వల్లే. అది కట్టకుండా ఉండాల్సిందని నేను అనడం లేదు. నేను రాసిన వాక్యం చూడకుండా రాసిన వాక్యం అంటున్నాను. అక్కడివాళ్లకి నష్టపరిహారం లెక్క కట్టేటప్పుడు ఆ వాక్యం కూడా ఆ బల్ల మీద ఉండి ఉంటుంది.

మూడో రోజు దక్షిణం వైపు. నౌపడ ఉప్పు మడులు, 1930 ఉప్పు సత్యాగ్రహంలో పేరున్న నేల. తేలినీలాపురంలో చింతచెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు పిల్లల్ని పెట్టుకుని ఉన్నాయి. ఆ పక్షులు రాని ఏడు ఊరికి మంచిది కాదని అక్కడివాళ్ల నమ్మకం. అక్కడ నుంచి సంతబొమ్మాళి మండలంలో కాకరాపల్లి. అక్కడా తంపర నేల, అక్కడా థర్మల్ ప్లాంటు గొడవ. 2011 ఫిబ్రవరి 28న కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. ఎన్నో వేల టన్నుల ఇనుమూ సిమెంటూ మోసుకొచ్చి మొదలుపెట్టిన ఆ పని కరెంటు పుట్టేదాకా రాలేదు. రెండు ప్రాణాలు మాత్రం పోయాయి. ఇంజినీరుగా ఆ లెక్క ఎలా వేయాలో నాకు తెలియదు. అక్కడ మేమిద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. సాయంత్రానికి మళ్లీ ఈ గేటు దగ్గరికి వచ్చాం. మీటరు చూస్తే మూడు రోజులకీ కలిపి నూట యాభై కిలోమీటర్ల దాకా తిరిగింది.

ఇప్పుడు నా ప్రతిపాదన. బెల్జియంలో సైకిలు దారుల మీద ఒక మంచి ఏర్పాటు ఉంది. రెండు దారులు కలిసే ప్రతి చోటా ఒక నంబరు బోర్డు ఉంటుంది. ఊళ్ల పేర్లు తెలియక్కర్లేదు. 14 నుంచి 27కి, 27 నుంచి 31కి, అని చీటీ మీద రాసుకుని పోతే చాలు, ఇంటికి తిరిగొస్తారు. దీన్ని కనిపెట్టినాయన హ్యూగో బోలెన్ అనే గని ఇంజినీరు. బొగ్గు గనుల్లో సొరంగాలు కలిసే చోట్లకి నంబర్లు ఉంటాయి. ఆయన ప్రాంతంలో బొగ్గు గనులు మూతపడ్డాక, ఆ పద్ధతినే భూమి పైకి తెచ్చాడు. 1995లో మొదలైంది. ఒక బొగ్గు ఇంజినీరు చేసిన పని అది. ఇంకో బొగ్గు ఇంజినీరుకి సిగ్గూ ధైర్యమూ రెండూ కలిగాయి.

మన బడి గేటు దగ్గర 1వ నంబరు రాయి వేద్దాం. ఇక్కడ నుంచి ఉద్దానం చుట్టూ ఒక ఇరవై నంబర్లు. పెద్ద ఖర్చు కాదు. ఒక్కోటి నడుమెత్తు సిమెంటు స్తంభం, రంగు, అక్షరాలు. పంచాయతీల అనుమతి తెచ్చే పని సంఘం చూసుకుంటే, డిజైనూ మొదటి పది స్తంభాల ఖర్చూ నావి.

ఈ మాట నా స్నేహితుడికి చెబితే, "బోర్డు మీద ఏటి రాస్తావో ముందది సెప్పు" అన్నాడు. అసలు ప్రశ్న అదే.

మనకి ఉత్తరాన, గంజాం జిల్లాలో జౌగడ ఉంది. అశోకుడి శాసనాలున్న బండ. కళింగ యుద్ధంలో లక్ష మంది చనిపోయారని, లక్షన్నర మందిని పట్టుకుపోయారని, అందుకు తను ఎంతో బాధపడుతున్నానని అశోకుడు రాయించాడని మనం అందరం చదువుకున్నాం. అది 13వ శాసనం. ఎక్కడో వాయవ్యాన, ఇప్పటి పాకిస్తాన్‌లోని షాబాజ్‌గఢీలో చెక్కి ఉంది. కాని దెబ్బతిన్న కళింగంలో, అటు ధౌళిలోనూ ఇటు జౌగడలోనూ, ఆ శాసనం మాత్రం లేదు. దాని స్థానంలో, ప్రజలందరూ నా బిడ్డలు, బాగా పాలించండి అని అధికారులకి చెప్పే వేరే శాసనాలున్నాయి. దూరాన ఉన్నవాళ్లకి పశ్చాత్తాపం చెప్పుకున్నాడు, చచ్చినవాళ్ల ఊళ్లో చెప్పుకోలేదు. ఎందుకో రాజుకే తెలియాలి. నేను మాత్రం ఈ విషయం తెలిసినప్పటి నుంచి, నా సంగతి బెల్జియం స్నేహితుడికి ఉత్తరంలో రాసి ఊరుకోకుండా, ఇక్కడ పూండిలో చెప్పాలనుకున్నాను.

అందుకని బోర్డుల మీద రాత నాకు వదలొద్దు. నాలాంటివాడు ఒక్క వాక్యంలో ఊరిని తీసిపారేయగలడని ఇప్పుడే చెప్పాను. తొమ్మిదో తరగతి పిల్లలకి అప్పజెబుదాం. నలుగురేసి పిల్లలు ఒక్కో నంబరు తీసుకోవాలి. ఆ ఊరు సైకిలు మీద వెళ్లాలి, రెండుసార్లు వెళ్లాలి. ఒకసారి వానల్లో, ఒకసారి ఎండల్లో. ముసలివాళ్లని అడగాలి. అటువాళ్లనీ ఇటువాళ్లనీ అడగాలి. బోర్డు మీద మూడే సంగతులుండాలి. ఎప్పుడు జరిగింది, ఎవరు పోయారు, తగువు దేని మీద. వీరుడు, ద్రోహి లాంటి మాటలేవీ వద్దు. చదివినవాడు తనే తేల్చుకుంటాడు, లేకపోతే మాలాగా పలాస దాకా వాదించుకుంటాడు. తుఫాను పడగొట్టిన తోటకీ ఒక నంబరు, ఆ సైకిలు షాపు ఉన్న దారికీ ఒక నంబరు ఉండాలని నా కోరిక. అక్కడ కూడా మనుషులు పోరాడుతున్నారు. అక్కడ తగువు ఎవరితోనో ఇంకా తెలియదు.

ఇంకొక్క మాట చెప్పి దిగుతాను. మన దగ్గర చదివిన పిల్లలు ఇంజినీర్లవుతారు, సర్వేయర్లవుతారు, కలెక్టరాఫీసులో కూర్చుంటారు. ఎక్కడో ఒక రోజు, తెలియని ఊరి గురించి ఒక పేరా రాయాల్సిన పని మీకు పడుతుంది. అప్పుడు జీపు దిగండి. అక్కడ ఒక సైకిలు అద్దెకి దొరుకుతుందేమో అడగండి.

వచ్చే ఆదివారం పొద్దున్న ఆరింటికి గేటు దగ్గర నుంచి బయల్దేరుతున్నాం. ఈసారి గుడారి రాజమణిపురం దాకా వెళ్లి, సాయంత్రానికి వెనక్కి. రావాలనుకున్నవాళ్లు ఒక స్పేర్ ట్యూబు, మంచినీళ్లు తెచ్చుకోండి. గాలిపంపు నా స్నేహితుడి దగ్గర ఉంది. ఆ చివరి వరసలో, స్తంభం పక్కన కూర్చుని తల వంచుకున్నాడు చూడండి, ఆయనే.